బంధువుల గుంపులో ఉన్నాడనుకుని
(వేసవి సెలవుల్లో కుటుంబమంతా కలిసి బయలుదేరే ముందు చదవవలసిన పాఠం)

పస్కా పండుగకు నజరేతు నుంచి యెరూషలేముకు వెళ్ళిన ఒక కుటుంబం సంగతి లూకా సువార్త 2వ అధ్యాయంలో ఉంది. పిల్లవానికి పన్నెండేళ్ళు. పండుగ అయిపోయాక చుట్టాలు, ఊరివాళ్ళు అంతా గుంపుగా తిరుగు ప్రయాణమయ్యారు. కొడుకు ఆ గుంపులో ఎవరితోనో వస్తున్నాడులే అనుకుని తల్లిదండ్రులు ఒక రోజు ప్రయాణం సాగించారు. తీరా వెతికితే లేడు. మూడు రోజుల తరువాత దేవాలయంలో బోధకుల మధ్య కనిపించాడు.

ఈ భాగం మీద మనం చాలా ప్రసంగాలు విన్నాము. కాని ఆస్పత్రిలో పని చేసే నాకు అందులో ఇంకొక సంగతి కనిపిస్తుంది. మరియ, యోసేపు అశ్రద్ధ గలవాళ్ళు కారు. చుట్టూ అయినవాళ్ళే ఉన్నారు గనుక నిశ్చింతగా ఉన్నారు, అంతే. ఇద్దరే వెళ్ళి ఉంటే ఆ పిల్లవాడు తప్పిపోయేవాడు కాదేమో. పదిమంది ఉన్నచోట ప్రతి ఒక్కరూ "ఎవరో ఒకరు చూస్తుంటారులే" అనుకుంటారు. ఆ ఎవరో ఒకరు ఎవరన్నది మాత్రం ఎవరికీ తెలియదు. వేసవి సెలవుల మొదటి వారంలో మా వార్డులకు వచ్చే పిల్లల తల్లిదండ్రుల నోట ఎక్కువగా వినిపించే మాట కూడా ఇదే: "వాళ్ళ పెద్దమ్మ దగ్గర ఉన్నాడనుకున్నామండీ."

మా ఇంట్లో జరిగింది

ఇతరుల సంగతి ఎందుకు, మాదే చెబుతాను. 2018 ఏప్రిల్ ఆఖరు వారంలో బళ్ళకు సెలవులు ఇచ్చిన రెండో రోజునే మేము 22 మందిమి మారేడుమిల్లి బయలుదేరాము. మా అమ్మ, అక్కవాళ్ళు, తమ్ముడివాళ్ళు, బాబాయిగారి కుటుంబం, పిల్లలు తొమ్మండుగురు. రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా 80 కిలోమీటర్ల పైచిలుకు దారి. ఒక టెంపో, ఒక కారు. ఒక రాత్రి అడవిలో టెంట్లు వేసుకుని ఉండాలని, బొంగు చికెన్ వండుకోవాలని పిల్లలు నెల రోజుల నుంచి కలలు కంటున్నారు.

మా తమ్ముడి కొడుక్కి అప్పుడు అయిదేళ్ళు. మలుపుల దారిలో రెండుసార్లు వాంతి చేసుకుని, టెంపో వెనక సీట్లో ముడుచుకుని నిద్రపోయాడు. పదకొండు గంటలకు వాగు దగ్గర బండి ఆపగానే పిల్లలందరూ బిలబిలమంటూ దిగారు. చెట్ల నీడన అప్పటికే వేరే బండ్లు ఉన్నాయి, మా టెంపో ఎండలోనే నిలిచింది. కోతులు దూరతాయని డ్రైవరు అద్దాలన్నీ మూసి టీ తాగడానికి వెళ్ళాడు. మరదలు, పిల్లవాణ్ణి వాళ్ళ నాన్న ఎత్తుకు దిగాడనుకుంది. తమ్ముడు, అక్క పిల్లలతో పరుగెత్తాడనుకున్నాడు. అక్క, నాన్నమ్మ ఒడిలో ఉన్నాడనుకుంది. నాన్నమ్మకు చూపు ఆనదు, నీళ్ళలో అందరితో ఉన్నాడనుకుంది. నేను ఏమనుకున్నానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. నేనసలు ఏమీ అనుకోలేదు.

పులిహోర పంచేటప్పుడు ఒక ఇస్తరాకు మిగిలింది. మరదలు గుండె మీద చెయ్యి వేసుకుంది. అందరమూ వాగులోకి పరుగెత్తాము. మా బావగారు లోతు చూడటానికి తాడు కావాలని టెంపో దగ్గరకు వెళ్ళారు. తాడు కోసం వెనక సీటు వైపు చూస్తే పిల్లవాడు అక్కడ ఉన్నాడు. ముఖం జేవురించి, బట్టలన్నీ చెమటకు తడిసి, పిలిస్తే ఏదో గొణుగుతున్నాడు గాని తల్లిని కూడా గుర్తు పట్టడం లేదు. అన్నీ కలిపి ఇరవై అయిదు నిమిషాలు.

నీడకు మోసుకెళ్ళి, చొక్కా విప్పి, వాగు నీళ్ళు బిందెతో ఒళ్ళంతా పోస్తూ ఇస్తరాకులతో విసిరాము. పది నిమిషాలకు "అమ్మా, దాహం" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. దారి పొడవునా తడిగుడ్డలతో తుడుస్తూనే దగ్గరలోని ఆస్పత్రికి తీసుకువెళ్ళాము. దేవుని కృప వలన సాయంత్రానికి మామూలుగా ఉన్నాడు.

అప్పగింత

మీలో చాలామంది ఈ పుస్తకాన్ని మీవాళ్ళ మంచం పక్కన కూర్చుని చదువుతున్నారు. డ్యూటీ మారే వేళకు మా నర్సులు ఏం చేస్తారో మీరు చూసే ఉంటారు. వెళ్ళే నర్సు, వచ్చే నర్సు ఇద్దరూ ప్రతి మంచం దగ్గరా నిలబడతారు. ఈ రోగికి సెలైన్ ఎంతవరకు ఎక్కింది, ఏ మందు ఇచ్చాము, ఏది ఇవ్వాలి అని నోటితో చెప్పుకుని అప్పగించుకుంటారు. వచ్చిన అమ్మాయి "సరే" అనేదాకా పాత నర్సుకు ఇంటికి వెళ్ళే హక్కు లేదు. ఏళ్ళ తరబడి వార్డులో ఈ పని చేసిన నేను మా సొంత పిల్లవాడి దగ్గర చేయలేదు.

పెద్ద కుటుంబం బయటికి వెళ్ళేటప్పుడు చేయవలసిన మొదటి పని ఇదే. ప్రతి చిన్నపిల్లకూ ఒక పెద్దమనిషి పేరు పెట్టండి. "అందరం చూసుకుందాం" అనవద్దు. "పాప మధ్యాహ్నం దాకా పిన్నిది, ఆ తరువాత అత్తది" అనండి. చేతులు మారేటప్పుడు "పాప నీ దగ్గర" అని ఒకరు చెప్పాలి, "సరే, నా దగ్గరే" అని రెండోవారు అనాలి. మా ఇంట్లో మొదట నవ్వారు. బాబాయి అయితే, "మనం ఆస్పత్రికి వెళ్తున్నామా, అడవికి వెళ్తున్నామా?" అని హాస్యమాడాడు. ఇప్పుడు ఆయనే అందరికంటే గట్టిగా "సరే" అంటాడు.

బండి ఎక్కినప్పుడు, దిగినప్పుడు తలలు లెక్కపెట్టడం కంటే పేర్లు పిలవడం మేలు. కదిలే పిల్లలను లెక్కపెడితే ఒకణ్ణి రెండుసార్లు లెక్కపెడతాము. పేరు పిలిస్తే జవాబు రావాలి. బండి తాళం వేసే ముందు ఒకరు చివరి సీటు దాకా నడిచి చూసి రావాలి. ఎండలో మూసి ఉన్న బండి లోపల పది నిమిషాల్లోనే వేడి సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది. అద్దం కాస్త దించి ఉంచినంత మాత్రాన పెద్ద తేడా ఉండదు. పైగా చిన్నపిల్లల ఒళ్ళు మన ఒంటి కంటే ఎన్నో రెట్లు త్వరగా వేడెక్కుతుంది.

పిల్లవాడు కనిపించకపోతే ముందు నీళ్ళ దగ్గర వెతకడం సరైన పనే, ఎందుకంటే అక్కడ క్షణాలు లెక్క. కాని అందరూ అక్కడికే పరుగెత్తకూడదు. అదే నిమిషంలో ఒకరు బండ్ల దగ్గరకు, ఒకరు రోడ్డు వైపు వెళ్ళాలి.

నీళ్ళ దగ్గర ఎర్ర తువ్వాలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో దాదాపు నాలుగో వంతు అయిదేళ్ళ లోపు పిల్లలు. సినిమాల్లో చూపించినట్టు మునిగే మనిషి చేతులు ఊపి కేకలు వేయడు. ఊపిరి తీసుకోవడానికే నోరు చాలదు, ఇక కేక ఎక్కడిది? పిల్లలు చప్పుడు లేకుండా, ఒక నిమిషం లోపలే మునిగిపోతారు. పక్కనే పదిమంది స్నానం చేస్తున్నా తెలియదు.

అందుచేత మా ఇంట్లో ఒక ఎర్ర తువ్వాలు పెట్టుకున్నాము. అది ఎవరి మెడలో ఉంటే వారు నీళ్ళ కాపరి. వారు సెల్ ఫోను పట్టుకోకూడదు, ఫొటోలు తీయకూడదు, వంట దగ్గరకు వెళ్ళకూడదు, కబుర్లు చెప్పకూడదు. అరగంటకు తువ్వాలు ఇంకొకరి మెడలోకి మారుతుంది. ఈత వచ్చినవారైతే మరీ మంచిది. మద్యం ముట్టినవారికి తువ్వాలు ఇవ్వరాదు, నీళ్ళలోకీ పంపరాదు. ఈ మాట అంటే కొందరు బావగార్లకు కోపం వస్తుంది, రానివ్వండి.

కొండవాగుల్లో పై అడవిలో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్ళు ఒక్కసారిగా పెరుగుతాయి. నీళ్ళు బురదగా మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా వెంటనే అందరూ గట్టెక్కాలి. గోదావరి, కృష్ణ రేవుల్లో ఇసుక తవ్విన గుంటలు నీళ్ళ అడుగున కనిపించవు. మోకాటి లోతులో నడుస్తున్నవాడు మరుక్షణం తల మునిగే లోతులో ఉంటాడు. ఊరివాళ్ళు ఏ రేవులో స్నానం చేస్తారో అడిగి అక్కడే దిగండి.

ఎవరైనా మునుగుతుంటే ఈత రానివాళ్ళు దూకవద్దు. ఒకరి కోసం దిగి ఇద్దరు, ముగ్గురు పోయిన కుటుంబాలను చూశాము. కర్ర అందించండి, రెండు చీరలు ముడివేసి విసరండి, మూత బిగించిన ఖాళీ నీళ్ళ డబ్బా విసిరినా పట్టుకుని తేలుతారు. బయటికి తీశాక తలకిందులుగా పట్టి తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం మన ఊళ్ళలో పాత అలవాటు. దీనివల్ల విలువైన సమయం పోతుంది, పొట్టలోనిది ఊపిరితిత్తుల్లోకి కూడా వెళ్ళవచ్చు. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి నోటితో ఊపిరి ఊదడమే ముందు చేయవలసిన పని. అప్పటికీ కదలిక లేకపోతే రొమ్ము మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు వేగంతో నొక్కాలి. 30 నొక్కులకు 2 ఊపిరులు. ఇది చదివితే రాదు, చేతితో నేర్చుకోవాలి. మీవాళ్ళు ఆస్పత్రిలో ఉన్న ఈ నాలుగు రోజుల్లో నర్సును అడిగి చూపించమనండి. మునిగి తేరుకున్న పిల్లవాడు నవ్వుతూ తిరుగుతున్నా ఆస్పత్రికి తీసుకురావాలి. కొన్ని గంటల తరువాత ఆయాసం మొదలయ్యే ప్రమాదం ఉంది.

రోగిని ఇంట్లో వదిలి వెళ్ళాలా?

చాలామంది అడుగుతారు: "మా నాన్నగారికి షుగరు, బి.పి. ఉన్నాయి. ఆయనను తీసుకెళ్ళవచ్చా?" పరిస్థితి నిలకడగా ఉంటే తప్పక తీసుకువెళ్ళండి. ఏడాదికి ఒకసారి మనవలతో గడిపే రెండు రోజులు వారికి ఎంతో బలం. అయితే ముందుగా డాక్టరుగారిని అడగండి. మందుల సంచి కూడా పేరు పెట్టి ఒకరికే అప్పగించండి. మా ప్రయాణంలో అమ్మ ఇన్సులిన్ టెంపో పైన సామాన్లలో ఎండలో ఉండిపోయింది. ఎవరో చేతి సంచిలో పెట్టారులే అని అందరమూ అనుకున్నాము. వేడెక్కిన ఇన్సులిన్ చూడటానికి మామూలుగానే ఉండవచ్చు గాని దాని శక్తి తగ్గిపోతుంది. అడవిలో ఫ్రిజ్ లేదని బెంగ అక్కరలేదు. సీసాను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను తడి ఇసుక మీద పెట్టిన మట్టికుండలో నీడన ఉంచితే చల్లగా ఉంటుంది. నేరుగా మంచుగడ్డల మీద పెడితే గడ్డకట్టి పాడవుతుంది.

షుగరు ఉన్నవారు బయటికి వెళ్ళినప్పుడు రోజూ కంటే ఎక్కువ నడుస్తారు, అన్నం ఆలస్యంగా తింటారు. చేతులు వణకడం, చెమట, చిరాకు, మాట తడబడటం కనిపిస్తే ఎండ వల్లనే అనుకుని కూర్చోబెట్టకండి. తెలివిగా ఉంటే వెంటనే మూడు, నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. ఆ పంచదార పొట్లం వారి జేబులోనే ఉండాలి, వంట సామానులో కాదు.

"ఎండాకాలం, నీళ్ళు బాగా తాగండి" అని అందరమూ చెబుతాము. గుండె బలహీనంగా ఉన్నవారికి, మూత్రపిండాల జబ్బుతో డయాలిసిస్ చేయించుకుంటున్నవారికి ఈ మాట అలాగే వర్తించదు. వారికి రోజుకు ఎన్ని నీళ్ళో డాక్టరే చెప్పాలి. నీరు తీసే బిళ్ళలు వాడేవారు ఎండలో కళ్ళు తిరిగి పడిపోవచ్చు. మానసిక వ్యాధికి వాడే కొన్ని మందుల వల్ల చెమట సరిగా పట్టక వడదెబ్బ త్వరగా తగులుతుంది. మూర్ఛ ఉన్నవారిని వాగులోకి ఒంటరిగా పంపకండి, మోకాటి లోతు అయినా సరే. రాత్రంతా కబుర్లతో నిద్ర చెడినా, ఒక పూట మాత్ర తప్పినా ఫిట్స్ వచ్చే వీలుంది. ఉబ్బసం ఉన్నవారు నెగడు పొగకు గాలి వచ్చే వైపు కూర్చోవాలి, ఇన్హేలరు దగ్గరే ఉండాలి.

వడదెబ్బ విషయంలో ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. చెమట పడుతోంది గనుక వడదెబ్బ కాదు అనుకుంటారు. మా పిల్లవాడు చెమటలో నానిపోయి ఉన్నాడు. ఒళ్ళు కాలిపోతూ, మాట తేడాగా ఉన్నా, మనుషులను గుర్తు పట్టకపోయినా, ఫిట్స్ వచ్చినా అది వడదెబ్బే. ముందు చల్లబరచండి, 108కి ఫోను చేయండి, బండిలో కూడా చల్లబరుస్తూనే తీసుకురండి. జ్వరం మాత్రలు దీనికి పనిచేయవు. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి.

రాత్రి నేల మీద పడక

అడవిలో పడుకోవడమంటే పిల్లలకు పులుల భయం. మాకు కట్లపాము భయం. ఇది రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవారిని నిద్రలోనే కరుస్తుంది. కాటు నొప్పి ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి అంటారు. పులిహోర పడలేదనుకుని ఇంట్లోవాళ్ళు సోడా తాగిస్తారు. ఇంతలో రెప్పలు వాలిపోతాయి, మింగుడు పడదు, ఊపిరి ఆగే స్థితి వస్తుంది. మనదేశంలో 2000 నుంచి 2019 వరకు సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వచ్చిన పరిశోధన అంచనా వేసింది. ఎక్కువ మరణాలు జరిగిన రాష్ట్రాల్లో మనవి కూడా ఉన్నాయి.

దోమతెర అంచులు చాప కిందికి, పరుపు కిందికి బిగించి దోపితే దోమలే కాదు, పాము, తేలు కూడా దూరవు. టెంటు అయితే జిప్పు పూర్తిగా వేయండి. మిగిలిన అన్నం దగ్గర ఎలుకలు చేరితే పాములూ వస్తాయి, కాబట్టి వంట పాత్రలు పడకకు దూరంగా ఉంచండి. రాత్రి బహిర్భూమికి వెళ్ళేవారికి టార్చిలైటు, చెప్పులు తప్పనిసరి. పొద్దున్నే బూట్లు దులిపి వేసుకోవాలి.

కాటు అనుమానం వచ్చినా సరే, కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం, పసరు మందు పోయడం చేయవద్దు. పాము కోసం వెతకవద్దు. ఉంగరాలు, గాజులు తీసి, ఆ కాలో చెయ్యో కదలకుండా కర్రకట్టు వేసి, మనిషిని నడిపించకుండా ఆస్పత్రికి మోసుకురండి. విషానికి విరుగుడు మందు ఒక్కటే చికిత్స, ప్రభుత్వ ఆస్పత్రుల్లో అది ఉచితం. తేలు కుట్టినచోట నొప్పి మాత్రమే ఉంటే సాధారణంగా ప్రమాదం లేదు. చల్లని చెమటలు, వాంతులు, ఆయాసం వచ్చాయంటే, ముఖ్యంగా పిల్లల్లో, గుండె మీద విషం పనిచేస్తున్నదని అర్థం. మహారాష్ట్రలోని మహాడ్ లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్ రావ్ బావస్కర్ గారు ప్రాజోసిన్ అనే చౌకైన బి.పి. మాత్రతో ఇలాంటి వారిని బ్రతికించవచ్చని 1980లలో చూపించారు. కాబట్టి మంత్రం కోసం కూర్చోకుండా త్వరగా రావడమే ముఖ్యం.

తిండి, నీళ్ళు, తిరిగి వచ్చాక

తిండి సంగతి మన ఇళ్ళలో ఆడవారికి నేను చెప్పనక్కరలేదు. పులిహోర ఎందుకు కడతారో వారికి తెలుసు. బొంగు చికెన్ మాత్రం లోపలి ముక్క ఒకటి విరిచి చూసి, ఎరుపు లేకపోతేనే పిల్లలకు పెట్టండి. వాగు నీళ్ళు తేటగా ఉన్నంత మాత్రాన తాగడానికి పనికిరావు. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు అరడజను తీసుకువెళ్ళండి. లేకపోతే ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. ఇది చిన్న టీ చెంచా లెక్క, కొలత అంచుకు సమంగా ఉండాలి. ఉప్పు ఎక్కువైతే చంటిపిల్లలకు హాని.

బయలుదేరే ముందు ఒక కాగితం మీద అందరి పేర్లు, ఎవరికి ఏ జబ్బు, ఏ మందు, ఏ మందు పడదు, దారిలో దగ్గరి ఆస్పత్రి ఎక్కడ అని రాసి రెండు బండ్లలోనూ ఒక్కొక్కటి పెట్టండి. ఘాట్ రోడ్డులో అన్నిచోట్లా ఫోను సిగ్నలు అందదు, ఎక్కడ అందుతుందో వెళ్ళేటప్పుడే గుర్తు పెట్టుకోండి.

ఏజెన్సీ ప్రాంతాలకు వెళ్ళి వచ్చినవారిలో ఎవరికైనా నెల, నెలన్నర లోపల చలిజ్వరం వస్తే మామూలు జ్వరం అనుకుని మందుల షాపులో మాత్రలు కొనవద్దు. ఓ.పి.కి వచ్చి, "ఫలానా తేదీన అడవిలో పడుకున్నాము" అని డాక్టరుగారు అడగకముందే చెప్పండి. మలేరియాకు రక్తపరీక్ష అదే రోజు చేస్తారు.